తోకపిగిలిపిట్ట చుట్టములు

చీమకుర్తి ప్రాంతపు పొలములలో పసులపోలిగానిని ఎరుగని పిల్లలుండరు. మేయుచున్న ఎనుము వీపుపై కూర్చుండి, గడ్డిలోనుండి లేచిన మిడుతను గాలిలోనే పట్టి, మరల అచటనే వ్రాలు నల్లని పిట్ట అది. దానికి పడమటనున్న నల్లమల అడవులలో ఒక అందమైన చుట్టము కలదనిన నమ్మువారరుదు. దాని పేరు తోకపిగిలిపిట్ట.

తోకతో కలిపి ఆడుపిట్ట జానెడుండును. ఎదిగిన మగదాని తోకలో మాత్రము నడిమి ఈకలు రెండు ఇంకొక జానెడు సాగి, రిబ్బనులవలె వ్రేలాడును. తల నల్లనిది, దానిపై శిఖ. మగవానిలో కొన్ని ఇటుకరంగువి, కొన్ని పాలవలె తెల్లనివి. ఈ రెండును వేరువేరు జాతులని పండితులే ఒకప్పుడు భ్రమించిరి.

మనవారు శిఖను చూచి దీనిని పిగిలిపిట్టతో, అనగా బుల్‌బుల్‌తో, జతపరచి ముందు 'తోక' చేర్చిరి. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ తన భారతపక్షుల గ్రంథమున ఈ తెలుగు పేరును వ్రాసియుంచెను. స్వీడన్ దేశపు లిన్నేయసు 1758లో దీనిని కాకుల గణమున చేర్చెను! తరువాతివారు, ఇది గాలిలో పురుగులను పట్టు తీరునుబట్టి, ఈగపట్టు పిట్టల కుటుంబమున నుంచిరి. చాలకాలము పుస్తకములలో అదియే పాఠము.

డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చిన పిదప ఆ పాఠము మారినది. బుల్‌బుల్‌లును, ఈగపట్టు పిట్టలును దీనికి దూరమనియు, పసులపోలిగాడే దగ్గరి బంధువనియు తేలినది. కాకియు ఈ పెద్దకొమ్మలోనిదే. అంతమాత్రమున లిన్నేయసు సరిగా గుర్తించెననరాదు. అతడు పాలపిట్టను సైతము కాకిగనే వ్రాసెను. గంపెడు రాళ్లు విసరగా ఒకటి గురికి తగిలినది.

అట్లయిన తెలుగు పేరు తప్పుకదా, దానిని విడిచిపెట్టవలదా యని కొందరడుగుదురు. ఇది న్యాయము కాదు. పేరు పుట్టినది చుట్టరికమును నిరూపించుటకు కాదు, చెట్టుక్రింద నిలిచి ఒకరికొకరు పిట్టను చూపుకొనుటకు. చుట్టరికము శాస్త్రజ్ఞుల పని, అది ఇంకను సాగుచునే యున్నది. ఆసియా అంతటను ఒకటే యనుకొన్న ఈ జాతిని ఇటీవల మూడుగా విడదీసిరి. దాని వెంట ఊరిపేర్లనెల్ల మార్చుచు పోయిన తాతచెప్పిన పిట్ట యేదో మనుమనికి తెలియకుండ పోవును. ఇంగ్లీషువారు దీనిని ఆ కుటుంబమునుండి తొలగించియు, 'పారడైజ్ ఫ్లైక్యాచర్' అనియే నేటికిని పిలుచుచున్నారు. తమ పేరును దిద్దుకొనవలెనని వారికి తోచలేదు.