లెక్కలో లేని పిల్లలు

అమెరికాలో ఎంపిక చేసిన ప్రాంతాల్లోని ఎనిమిదేళ్ల పిల్లల్లో 2000లో ప్రతి 150 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు తేలింది. 2022 లెక్కల్లో ఆ నిష్పత్తి ప్రతి 31 మందిలో ఒకరికి చేరింది. అక్కడి ఆరోగ్యమంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ దీన్ని మహమ్మారి అన్నారు. అధ్యక్షుడు ట్రంప్ 2025 సెప్టెంబరులో గర్భిణులు వాడే పారాసిటమాల్‌ను దోషిగా నిలబెట్టారు.

పెరుగుదలలో సింహభాగం గుర్తింపుదే. 1994లో ఆస్పెర్జర్ లక్షణాలు అమెరికా మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథంలో చేరాయి. 2013లో అవన్నీ ఒకే ఆటిజం స్పెక్ట్రమ్ కిందికి వచ్చాయి. ఒకప్పుడు బుద్ధిమాంద్యం పేరుతో పక్కన పెట్టిన పిల్లలకు ఇప్పుడు సరైన నిర్ధారణ దొరుకుతోంది. ఆడపిల్లలు, నల్లజాతి పిల్లలు మునుపటికన్నా ఎక్కువగా పరీక్షల దాకా వస్తున్నారు. తల్లిదండ్రుల వయసు పెరగడం, నెలలు నిండని శిశువులు బతికి బట్టకట్టడం వంటి కారణాలకూ కొంత పాత్ర ఉండవచ్చు. టీకాలకు మాత్రం లేదు. ఆ అనుమానాన్ని నాటిన 1998 నాటి లాన్సెట్ వ్యాసానికి ఆధారం 12 మంది పిల్లలు. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది.

భారతదేశం సంగతి వేరు. అక్కడ లెక్క పెరిగిందని గగ్గోలు. ఇక్కడ లెక్కే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. పన్నెండేళ్ల తర్వాత, 2011 జనగణన వైకల్యాలను ఎనిమిది తరగతులుగా నమోదు చేసింది; వాటిలో ఆటిజం లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. 2021లో జరగవలసిన జనగణన జరగనే లేదు. హైదరాబాదు సహా ఐదు ప్రాంతాల్లో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనం, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో సుమారు నూటికి ఒకరికి ఆటిజం ఉన్నట్లు చెబుతోంది. దేశం మొత్తానికి వర్తింపజేస్తే వీరి సంఖ్య లక్షల్లో ఉంటుంది.

లెక్క లేనిచోట కేటాయింపు ఉండదు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడూ ఉండడు. పిల్లవాడికి మాట రాకపోతే మగపిల్లలకు ఆలస్యమేనంటారు. ఐదేళ్లు దాటితే తల్లి పెంపకాన్ని తప్పుపడతారు. కలిగిన కుటుంబం నగరంలో థెరపీ కొనుక్కుంటుంది. కూలి కుటుంబం ధ్రువపత్రం కోసం జిల్లా ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంది. మూలకణాలతో నయం చేస్తామనే వ్యాపారులకు ఈ నిస్సహాయతే పెట్టుబడి.

2027 జనగణన 21 వైకల్యాలనూ విడివిడిగా నమోదు చేయాలి. నిర్ధారణే జరగని పిల్లవాడిని ఏ ప్రశ్నావళీ పట్టుకోలేదు గనుక, ఏడాదిన్నర వయసులోనే అంగన్‌వాడీలో ప్రాథమిక పరీక్ష జరగాలి. అప్పుడు ఇక్కడా అంకెలు పెరుగుతాయి. వాటిని చూసి ప్రభుత్వం బెదరనక్కర్లేదు. పెరగకపోతేనే సంజాయిషీ చెప్పుకోవాలి.