సంఘం నిధితో క్రౌన్ పినియన్లు మార్చొద్దు

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాబోతోందని గ్రూపులో అందరూ చూసే ఉంటారు. పికప్ బండ్లున్న సభ్యులకు వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ సెట్టు మార్పించుకోడానికి సంక్షేమ నిధి నుంచి వడ్డీలేని అప్పు ఇవ్వాలట. పది బండ్లు ఒకేసారి తెస్తే రేటు తగ్గిస్తామని బైపాసు పక్క ఒక షెడ్డువాళ్ళు చెప్పారట. లోడుకు లాగుడు కావాలంటే ఒక సెట్టు, మైలేజీ కావాలంటే ఇంకో సెట్టు, ఏది కావాలన్నా వాళ్ళే వేస్తారు. మేము కొందరం దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. ఆ నిధిలో మీ అందరి డబ్బూ ఉంది.

ముందు ఆ సెట్టు చేసే పని ఏమిటో చూద్దాం. ఇంజిన్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్టు చివర ఉండే చిన్న పళ్ళచక్రం పినియన్. అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 10 పళ్ళు ఉంటే నిష్పత్తి 4.1. షాఫ్టు నాలుగు చుట్లకు కాస్త ఎక్కువ తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అదే 39కి 8 పెడితే 4.875 అవుతుంది. మొదటిది తీసి రెండోది వేస్తే చక్రం దగ్గర లాగుడు దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఇంతవరకు షెడ్డువాళ్ళు చెప్పింది నిజమే. అయితే ఆ 19 శాతం ఊరికే రాదు. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ 2,500 చుట్లు తిరిగేదనుకుంటే, ఇప్పుడు అదే వేగానికి 2,970 దాకా తిరగాలి. సైకిల్‌కు పెడల్ దగ్గర చిన్న చక్రం వేస్తే మిట్ట ఎక్కడం సులువవుతుంది, చదునుదారిలో మాత్రం కాళ్ళు గబగబా ఆడించాలి. ఇదీ అంతే. ఇంజిన్ బలం ఒక్క గుర్రమైనా పెరగదు.

ఇక మనవాళ్ళు ఈ లాగుడు ఎందుకు అడుగుతున్నారు? రాయకోట, సూళగిరి మండీల్లో టమాటా క్రేట్లు రెండు వరుసలు ఎక్కువ పేర్చడానికి. దాచుకోవడం ఎందుకు, అందరికీ తెలిసిన సంగతే. బండి మిట్ట ఎక్కలేక మొరాయిస్తోంది, క్లచ్ ప్లేట్లు కాలిపోతున్నాయి, అందుకని క్రౌన్ మార్చమంటున్నారు. క్రౌన్ మారిస్తే మిట్ట ఎక్కుతుంది. మరి ఎక్కిన బండి దిగాలి కదా! కమాన్‌పట్టీలు పాతవే, యాక్సిల్ షాఫ్టులు, బేరింగులు పాతవే, టైర్లు పాతవే, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకులు పాతవే. మోయలేనని చెబుతున్న బండి నోరు మూయించడమే ఈ పని. ఇంకో మాట. అదే సైజు హౌసింగ్‌లో నిష్పత్తి పెంచాలంటే పినియన్ చిన్నది కావాలి, పళ్ళు తగ్గాలి. ఒక్కో పన్ను మీద పడే భారం పెరుగుతుంది. దాని మీద మళ్ళీ అదనపు లోడు! నడిరోడ్డులో పినియన్ పన్ను విరిగితే సరుకు ఎండలో మగ్గుతుంది. అక్కడికి మండీవాడు రాడు, షెడ్డువాడూ రాడు.

మైలేజీ సెట్టు గురించి మాకు ఇంకా ఎక్కువ భయం. అది దీనికి తిరగేసిన పని: 4.875 తీసి 4.1 వేయడం. ఖాళీ బండి చదునైన హైవే మీద కొంచెం డీజిల్ మిగిల్చవచ్చు. కానీ మన బండ్లు ఎక్కడికి పోతాయి? పాలకోడు మీదుగా ధర్మపురి, అక్కడినుంచి తొప్పూరు కనుమ దిగి సేలం. ఆ కనుమలో ఎన్ని లారీలు అదుపు తప్పి ముందు బండ్లను గుద్దాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లోడు బండిని డౌనులో పట్టుకునేది బ్రేకు ఒక్కటే కాదు, చిన్న గేరులో ఇంజిన్ వెనక్కి పట్టే పట్టు కూడా. ఆ పట్టు చక్రానికి చేరేది ఈ క్రౌన్ ద్వారానే. ఈ మార్పుతో అది 16 శాతం దాకా తగ్గుతుంది. అదే వేగంలో ఇంజిన్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఇంకా సడలుతుంది. ఆ తగ్గిందంతా డ్రమ్ముల మీద పడుతుంది. కాలిన డ్రమ్ము పట్టదు. డీజిల్ ఆశతో డౌనులో న్యూట్రల్ వేసే అలవాటు మనవాళ్ళలో కొందరికి ముందే ఉంది (వాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళలో తెలుసు). ఇప్పుడు గేరులో ఉన్నా సగం న్యూట్రల్‌లా ఉండే బండి చేతికిస్తామా?

మీటర్ సంగతి కూడా ఉంది. వేగం లెక్కను గేర్‌బాక్స్ దగ్గర తీసుకునే బండ్లలో, క్రౌన్ మారాక మీటర్ పాత లెక్కే చూపిస్తుంది. ఈ మైలేజీ సెట్టుతో మీటర్ 60 అంటే బండి 71లో పోతుంటుంది. దాన్ని సరిచేస్తామని షెడ్డువాళ్ళ కాగితంలో ఎక్కడా లేదు.

పనితనం మాటకొస్తే, క్రౌన్, పినియన్ జతగా తయారవుతాయి, జతగానే వేయాలి. స్క్రాపులో దొరికిన క్రౌన్‌కు ఇంకెక్కడిదో పినియన్ కలిపితే నెలలోపే హూ అని ఊళ పెడుతుంది. రెండిటి మధ్య ఆట ఎంతుందో డయల్ గేజ్ పెట్టి చూడాలి, పళ్ళకు రంగు పూసి తిప్పి ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి, షిమ్‌లు వేసి సరిచేయాలి. ఒక్క పూటలో పది బండ్లు దించుతామనే చోట ఇదంతా జరుగుతుందని మేము నమ్మం.

ఈ మార్పు ఎప్పటికీ తప్పని మేము అనడం లేదు. డెంకణికోట దాటి అంచెట్టి వైపు కొండదారుల్లోనే తిరిగే బండి, ఆర్.సి.లో ఉన్న బరువే మోస్తూ క్లచ్ కాల్చుకుంటుంటే, ఆ మోడల్‌కు కంపెనీయే ఇచ్చే వేరే నిష్పత్తి సెట్టును అధీకృత సర్వీసులో వేయించుకోవడం తెలివైన పనే. పెద్ద టైర్లు వేసి లాగుడు పోగొట్టుకున్నవాళ్ళకు తిరిగి పాత టైర్లు వేసుకోమనే చెబుతాం, అది చవక.

"మీకేం, నెలనెలా కిస్తీ కట్టేది మేము" అని ఒక తమ్ముడు గ్రూపులో రాశాడు. మాలోనూ కిస్తీలు కట్టేవాళ్ళున్నారు తమ్ముడూ. ఆ కిస్తీ ఎందుకు బరువైందో కూడా మాట్లాడుకుందాం. మండీలో బాడుగ క్రేటు లెక్కన ఇస్తున్నారు. రేటు పెంచమని ఒక్కడు అడిగితే ఇంకో బండి పిలుస్తారు. కాబట్టి రేటు పెంచలేనివాడు క్రేట్లు పెంచుతున్నాడు. పట్టుబడితే 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ఒక్కో అదనపు టన్నుకు 2,000. అది కట్టేది బండివాడే, మండీవాడు కాదు. ప్రమాదమైతే ఇన్సూరెన్సువాళ్ళు మొదట అడిగేదీ లోడు సంగతే. పది బండ్లు కలిసి షెడ్డులో రేటు తగ్గించగలిగినప్పుడు, ఆ పది బండ్లే కలిసి మండీలో బాడుగ ఎందుకు అడగలేవు? సంఘం పెద్దలు ఇంతవరకు ఆ ఒక్క పనికి కూర్చోలేదు. నిధి తలుపు తీయడానికి మాత్రం తీర్మానం సిద్ధంగా ఉంది!

తీర్మానానికి మేము ఇచ్చే సవరణ ఇది. అప్పు ఇవ్వండి, కానీ బ్రేకు లైనింగులు, డ్రమ్ములు, టైర్లు, కమాన్‌పట్టీల మరమ్మతుకు ఇవ్వండి. క్రౌన్ మార్పుకు వద్దు. బాడుగ మాట్లాడటానికి బండ్లున్న ఐదుగురితో ఒక కమిటీ వేయండి, అందులో రాయకోట వైపువాళ్ళు ఇద్దరైనా ఉండాలి. సమావేశానికి వచ్చేటప్పుడు బండ్లున్న అన్నదమ్ములు ఆర్.సి. కాపీ తెచ్చుకోండి. లోడుతో మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ అందులో ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మొన్నటి ట్రిప్పు మండీ చీటీ పక్కన పెట్టి చూసుకుని, అప్పుడు ఓటు వేయండి.