రిపేరయ్యాక మూలుగుతోందా?

మాది కొండాపూర్‌లో మూడో అంతస్తు. చుట్టూ హైటెక్ సిటీ ఉద్యోగాల వాళ్ళే కాబట్టి మెకానిక్ అనేవాడికి ఆదివారం ఒక్కటే పదిళ్ళ పని. ఆ తొందరలోనే మా రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మిషన్‌కి ఉతికే వైపు మోటారు మార్చి, నీళ్ళు పోయకుండానే ఒకసారి తిప్పి చూపించి, డబ్బు పుచ్చుకుని వెళ్ళాడు. బట్టలు వేసి చూపించమని నేనూ అడగలేదు లెండి.

మర్నాడు ఉతికే వైపు బాగానే తిరిగింది. పిండే తొట్టి మాత్రం గుయ్‌మని మూలుగుతుందే గానీ కదలదు. ఫోను చేస్తే, "ఆ మోటారు కూడా పోయిందమ్మా, 2,500 అవుతుంది" అన్నాడు. మొన్నటిదాకా తిరిగింది కదా! పటాన్‌చెరులో మోటార్లు వైండింగు చేసే మా పిన్ని కొడుకుని రమ్మన్నాను. వాడికి తీరిక దొరికేసరికి గురువారమైంది. అందాకా ఉతికే వైపు వాడుకుంటూనే ఉన్నాం.

"అక్కా, మూలుగుతోందంటే కరెంటు అందుతున్నట్టే. అలాగే వదిలేస్తే మాత్రం నిజంగానే కాలిపోతుంది" అన్నాడు వస్తూనే. ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పాడు. పిండే తొట్టికి అడుగున ఒక బ్రేకు ఉంటుందండీ. మూత మూస్తే ఒక సన్నటి తీగ లాగి దాన్ని వదులు చేస్తుంది, తెరిస్తే బ్రేకు పట్టేస్తుంది. మెకానిక్ రేకు బిగించేటప్పుడు ఆ తీగ కొక్కెం నుంచి జారిపోయింది. బ్రేకు పట్టుకునే ఉంటే పాపం మోటారు ఏం చేస్తుంది? తగిలించాక గిర్రున తిరిగింది.

తీగ సరిగ్గా ఉండి, చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతూ, అయినా మూలుగుతుంటే ఎక్కువగా కెపాసిటర్‌నే అనుమానించాలట. కొత్తది వేయిస్తే పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ అంకెనే ఉండేలా చూసుకోండి. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది, మీరు మాత్రం ముట్టుకోకండి. అసలు చప్పుడే లేకపోతే మూత దగ్గరి స్విచ్చో, టైమరో, ఊడిన వైరో. ఉతికే వైపు ఒక దిక్కుకే తిరుగుతుంటే టైమర్ వైర్లు చూడమనండి. ఖాళీగా తిరిగి, బట్టలు వేస్తే నీరసిస్తే బెల్టు వదులై ఉండొచ్చు.

ఇంతవరకూ డబ్బు సంగతి. రేకు మళ్ళీ బిగించబోతూ తమ్ముడు ఆగిపోయాడు. మోటారు ఒంటికి బిగించాల్సిన ఆకుపచ్చ ఎర్తు వైరు గాల్లో వేలాడుతోంది! "ఈ నాలుగు రోజులూ ఎవరు ఉతికారక్కా?" అన్నాడు.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మా పనమ్మాయి తడి బాల్కనీలో, చెప్పుల్లేకుండా నిలబడి ఉతుకుతుంది. వెనక రేకు పట్టుకునే మిషన్‌ని ఇవతలికి లాగుతుంది.

వాడు వైరు బిగించి, గోడ ప్లగ్గుని కూడా చూశాడు. దాని పెద్ద రంధ్రానికి ఎర్తే కలపలేదు! అద్దె ఫ్లాట్ కదా, ఓనరుగారితో మాట్లాడి శనివారం ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు ఇప్పించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి కూడా పెట్టించాం. కరెంటు బయటికి పారితే అది చటుక్కున ఆపేస్తుంది. అప్పటిదాకా మిషన్ ముట్టుకోవద్దని పనమ్మాయికి చెప్పాను.

"చెయ్యి జివ్వుమంటోందని సోమవారమే చెప్పాను కదమ్మా" అంది.