జపాన్ కత్తి కొనే ముందు సానరాయి కొనండి

ఈసారి వ్యాకరణం లేదు, కోపం ఉంది. భాషలో తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను. వాదనలో తప్పులుంటే అవీ చెప్పండి.

రెండేళ్ళ కిందట మా ఇంట్లో మూడు జపాన్ కత్తులు ఉండేవి. మూడూ చేత్తో చేసినవే అని డబ్బాల మీద రాసి ఉంది. మూడింటిలో ఏ ఒక్కదానితోనూ పండిన టమాటా తెగేది కాదు. గోడకి కొట్టిన అయస్కాంతం పట్టీ మీద వరసగా నిలబడి వచ్చిన చుట్టాలకి కనిపించేవి, అంతే. అమ్మ మాత్రం సొరుగులోంచి ఆరు డాలర్ల రంపపు పళ్ళ కత్తి తీసి ఉల్లిపాయలు తరుక్కునేది.

ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్తే చాలా చోట్ల ఇదే చూస్తున్నాను. గృహప్రవేశానికి ఒకప్పుడు వెండి కుంకుమ భరిణె ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు జపాన్ కత్తి ఇస్తున్నారు. నేను చెప్పేది ఒక్కటే: సాన పట్టడం రాని ఇంటికి ఆ కత్తి వద్దు. ఆ డబ్బు దండగ. పైగా దాన్ని చేసిన కమ్మరికి అది మర్యాద కూడా కాదు.

మా కథ చెప్తాను. అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి నేను 210 మిల్లీమీటర్ల గ్యూతో ఒకటి కొన్నాను. గ్యూతో అంటే జపాన్ వాళ్ళు చేసే షెఫ్ కత్తి. 280 డాలర్లు. అలల్లాంటి గీతలు, నల్లటి చెక్క పిడి. కొట్టులో అతను సమురాయ్‌ల గురించి పావుగంట మాట్లాడాడు. అమ్మ డబ్బా విప్పి అడిగిన మొదటి మాట, "శనివారం కొనలేదు కదా?" (శనివారం ఇనుము కొని ఇంటికి తేకూడదని మనవాళ్ళ నమ్మకం. నాకూ అప్పుడే తెలిసింది.) శనివారమే కొన్నాను. ఆ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.

మూడో వారంలో అమ్మ ఆ కత్తితో సగం కరిగిన మటన్ కొట్టింది, ఎముకతో సహా. అంచులోంచి బియ్యపు నూకంత ముక్క ఊడిపోయింది. అమ్మ నాకు చెప్పలేదు. కత్తిని తువ్వాలులో చుట్టి సొరుగులో అడుగున దాచింది. నాలుగో రోజు నేనే చూశాను. "నాకు వాడటం రాలేదమ్మా, అంత ఖరీదైంది పాడుచేశాను" అంది. నలభై ఏళ్ళుగా వంటింట్లో కత్తి పట్టుకున్న మనిషి ఆ మాట అంది. నా కోపం అక్కడ మొదలైంది.

కొట్టుకి ఫోన్ చేశాను. "ఎముక మీద వాడకూడదని అందరికీ తెలుసు కదా" అన్నారు. అందరికీ తెలిసిన ఆ విషయం చెప్పడానికి ఆ పావుగంటలో అర నిమిషం దొరకలేదు.

వాళ్ళు చెప్పింది నిజమే, అది ఒప్పుకోవాలి. ఉక్కు గట్టితనాన్ని రాక్‌వెల్ అనే కొలతతో కొలుస్తారు. మామూలు జర్మన్ వంటింటి కత్తి 56, 58 దగ్గర ఉంటుంది. మంచి జపాన్ కత్తి 60 నుంచి 64 దాకా వెళ్తుంది. ఉక్కు ఎంత గట్టిదైతే అంచుని అంత సన్నగా నూరవచ్చు, ఆ పదును అన్నాళ్ళు నిలుస్తుంది. కానీ గట్టి ఉక్కు వంగదు, పెళుసుగా విరుగుతుంది. జర్మన్ కత్తి ఎముకకి తగిలితే అంచు కొంచెం ఒరుగుతుంది, మళ్ళీ సరిచెయ్యవచ్చు. జపాన్ కత్తి అంచు పెచ్చులా లేచిపోతుంది. మన వంటింట్లో ఏమేం ఉంటాయో ఒక్కసారి తలుచుకోండి. ఎముకల మటన్, ఫ్రీజర్‌లోంచి తీసిన చేప, కొబ్బరి చిప్ప, ఎండు పసుపు కొమ్ము. వీటిలో ఏదీ ఆ కత్తి పని కాదు. దాని పని వంకాయ, బెండకాయ, గోంగూర, ఉల్లిపాయ, ఎముక లేని మాంసం.

ఇక "చేత్తో చేసిన" అనే మాట. దీని మీద నాకు చాలా అనుమానాలు ఉండేవి. చదివాక అవి తగ్గలేదు, వేరే రకంగా మారాయి. నేను ఊహించుకున్న బొమ్మ ఇదీ: కొండ కింద ఒక ముసలాయన, ఒక కొలిమి, ఒక సమ్మెట, మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే. ఒసాకా పక్కనున్న సకాయ్ ఊరిలో అసలు పద్ధతి అది కాదు. అక్కడ పని పంచుకుంటారు. కొలిమిలో కాల్చి సమ్మెటతో కొట్టేవాళ్ళు వేరు, సాన పట్టి అంచు తీసేవాళ్ళు వేరు, పిడి తొడిగేవాళ్ళు వేరు. ఒక్కొక్కరు ఆ ఒక్క పనిలోనే జీవితమంతా గడుపుతారు. నాకు ఇది ముసలాయన బొమ్మ కన్నా గొప్పగా అనిపించింది. కానీ కొట్టులో చెప్పే కథలో సాన పట్టే మనిషి ఉండడు. కత్తి ఎలా తెగుతుందో సగం తేల్చేది ఆయనే. ఆయన పేరు అడిగితే చాలామంది అమ్మేవాళ్ళు నీళ్ళు నములుతారు.

ఇంకో సంగతి. చాలా కత్తులకి ఉక్కు ఫ్యాక్టరీ నుంచే పొరలుగా అతికించిన పలకగా వస్తుంది. మధ్యలో గట్టి ఉక్కు, రెండు వైపులా మెత్తని లోహం. దాన్ని కత్తి ఆకారంలో కత్తిరించి, కాల్చి చల్లార్చి, మనిషి చేత్తో సాన పడతాడు. దాని మీద కూడా "చేత్తో చేసిన" అని రాస్తారు. కొలిమిలో కమ్మరే రెండు ముక్కలని అతికించి, గంటల తరబడి కొట్టి చేసిన దాని మీద కూడా అదే మాట రాస్తారు. మొదటి రకం మోసం అని నేను అనను. దానిలో చాలా మంచి కత్తులు ఉన్నాయి. కానీ రెండింటికీ ఒకటే మాట, ధర మాత్రం ఎక్కువది వేస్తారు. కాబట్టి అడగండి. ఏ ఉక్కు? ఎవరు కొట్టారు? ఎవరు సాన పట్టారు? మూడింటికీ జవాబు రాకపోతే సమురాయ్ కథ వినకుండా బయటికి వచ్చేయండి.

సమురాయ్ కథ గురించి కూడా రెండు మాటలు. 1876లో జపాన్ ప్రభుత్వం బయట కత్తి ధరించి తిరగడాన్ని నిషేధించింది. చాలామంది ఖడ్గ కమ్మరులకి పని పోయింది, కొందరు వంటింటి కత్తుల వైపు వచ్చారు. అంతవరకు నిజమే. కానీ సకాయ్‌కి పేరు తెచ్చింది అంతకు ముందే చేసిన పొగాకు కత్తులు. పొగాకు ఆకు సన్నగా తరిగేవి. గ్యూతో అయితే యూరప్ వాళ్ళ షెఫ్ కత్తిని చూసి చేసుకున్నది. ప్రతి ఇంట్లో కనిపించే సాంతొకు ఇరవయ్యో శతాబ్దంలో ఇంటి వంట కోసం వచ్చింది. నేను 280 డాలర్లు పెట్టి కొన్న "సమురాయ్ వారసత్వం" తాతగారు ఒక యూరప్ వంటవాడు.

ఇప్పుడు ఆ అలల గీతలు. వాటిని డమాస్కస్ అంటారు. వేర్వేరు లోహాల పొరలు కలిపి, పైన ఆమ్లంతో మెరుగు పెడితే గీతలు కనిపిస్తాయి. అందంగా ఉంటాయి, కాదనను. కానీ కూరగాయని కోసేది మధ్యలో ఉన్న ఒక్క పొర, దాని అంచు. పక్కనున్న గీతలు చీర అంచు లాంటివి. ఆ గీతల కోసం నేను ఎనభై డాలర్లు ఎక్కువ ఇచ్చాను.

ఇక్కడ మనం తెలుసుకోవలసింది ఒకటి ఉంది. పాత కాలం డమాస్కస్ ఖడ్గాల్లో గీతలు పొరలు అతికిస్తే వచ్చినవి కావు. ఆ ఉక్కు లోపలే పుట్టినవి. ఆ ఉక్కు మూసలో కరిగించి చేసేవాళ్ళు, దక్షిణ భారతంలో, శ్రీలంకలో. ఇప్పటి తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం అలాంటి ఊరే. 1832లో అచ్చయిన హెన్రీ వాయ్సీ వ్యాసంలో ఆ ఊరి ఉక్కు పని గురించి ఉంది. ఇరాన్ వ్యాపారులు అక్కడికి వచ్చి కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఆంగ్లేయులు ఆ ఉక్కుని వూట్జ్ అన్నారు. ఆ మాట మన "ఉక్కు" నుంచే, అంటే కన్నడ, తెలుగు మాట నుంచే, పుట్టిందని చాలామంది అంటారు. నేను ఇది చదివిన రోజు అమ్మకి చెప్తే, "మరి మన ఉక్కుకి జపాన్ వాడికి ఎందుకు ఇచ్చావు డబ్బులు?" అంది. ఆ కత్తికీ కోనసముద్రానికీ ఏ చుట్టరికమూ లేదు, పేరు తప్ప. అది అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి నా తెలుగు చాలలేదు.

మా పెద్దమ్మ కొడుకు ఒకాయన ఉన్నాడు, నాకు అన్నయ్య. ఆయన దగ్గర పదకొండు కత్తులు ఉన్నాయి. నాతో ఇలా అన్నాడు: "నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా. కానీ ఎవరూ కొనకపోతే ఆ కమ్మరులు ఎలా బతుకుతారు? అందంగా ఉంది, కొన్నాను. గోడ మీద పటం పెట్టుకుంటే ఊరుకుంటావు, కత్తి పెట్టుకుంటే తిడతావా?" దీనికి జవాబు వెతకడానికి నాకు కొన్ని రోజులు పట్టింది.

పటం వేసినవాడు దాన్ని చూడటానికే వేశాడు, అన్నయ్యా. కత్తి చేసినవాడు దాన్ని అరిగిపోవడానికి చేశాడు. జపాన్‌లో పచ్చి చేప కోసే వంటవాళ్ళ పాత కత్తులు చూడు. రోజూ నూరి నూరి కొన్ని సగం వెడల్పుకి వచ్చేస్తాయి. మధ్యలో గట్టి ఉక్కు, పక్కన మెత్తని లోహం పెట్టడానికి ఒక కారణం కూడా అదే, మెత్తనిది రాయి మీద తేలిగ్గా అరుగుతుంది. అంటే నువ్వు నూరుతావని నమ్మి చేశాడు. నీ దగ్గర పదకొండు ఉన్నాయి, రాయి ఒక్కటీ లేదు. కమ్మరికి డబ్బు అందింది, నిజమే. ఆయన పని మాత్రం నీకు ఇంకా అందలేదు.

సాన పట్టేవాళ్ళకి పంపిస్తాను అంటారా? రాయి మీద చేత్తో పట్టేవాళ్ళు దొరికితే తప్పకుండా పంపండి. కానీ రెండు చక్రాల మధ్య కత్తిని లాగే ఆ చిన్న యంత్రం మాత్రం వద్దు. గీతలున్న ఉక్కు కడ్డీ కూడా వద్దు. రెండూ ఈ గట్టి అంచుని పెచ్చులు లేపుతాయి. నా మిగిలిన రెండు కత్తులు పోయింది ఆ యంత్రం వల్లే. అది కూడా అదే కొట్టులో అమ్మారు.

ఒక మాట గురించి చెప్పాలి, ఇది భాష నేర్చుకునే చోటు కదా. "సాన" అనే మాట నాకు ముందు దేవుడి గదిలో తెలిసింది. గంధం చెక్కని నీళ్ళు చల్లి అరగదీసే రాయి. "కత్తులు నూరడం" అంటే పగబట్టి ఉండటం అని సీరియల్స్‌లో నేర్చుకున్నాను. అసలు కత్తి నూరడం మాత్రం ముప్పై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి చేశాను. "పదును" అనే మాట దున్నడానికి సరిపడా తడి ఉన్న నేలకి కూడా వాడతారని నాన్న చెప్పారు.

నేను కొన్నది 1000 నంబరు నీటిరాయి, 40 డాలర్లు. ముందు ఆరు డాలర్ల మామూలు కత్తి ఇంకోటి తెచ్చి, దాని మీద నెల రోజులు నేర్చుకున్నాను. రాయిని నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టాలి. కత్తిని రాయి మీద పెట్టి వెనక వైపు సెంటీమీటరు పైచిలుకు ఎత్తాలి. ఆ ఎత్తు మారకుండా ముందుకీ వెనక్కీ నూరాలి. కష్టమంతా ఆ ఎత్తు మారకుండా ఉంచడంలోనే ఉంది. కాసేపటికి అవతలి వైపు సన్నని గరుకు లేస్తుంది, అంచు నుంచి బయటికి తడిమితే వేలికి తగులుతుంది. అప్పుడు తిప్పి రెండో వైపు. చివర్లో చెయ్యి తేలిక చేసి ఆ గరుకు తీసెయ్యాలి. వీడియోలు చాలా ఉన్నాయి, అవి నాకన్నా బాగా చెప్తాయి.

ఇది వచ్చాక కూడా మీకు జపాన్ కత్తి కావాలనిపిస్తే, కొనండి. గీతలు లేని నకిరి ఒకటి చూడండి. కూరగాయల కత్తి, అంచు తిన్నగా ఉంటుంది, రెండు వైపులా నూరినది, 165 మిల్లీమీటర్లు. తెల్ల కాగితం ఉక్కు అని ఒకటి ఉంది. ఉక్కు కంపెనీ వాళ్ళు గుర్తు కోసం అంటించిన కాగితం రంగుని బట్టి ఆ పేరు వచ్చింది. రాయి మీద త్వరగా పదునెక్కుతుంది. కానీ తుప్పు పడుతుంది. చింతపండు చేత్తో పట్టుకుని వదిలేస్తే గంటలో మచ్చ. వాడగానే కడిగి తుడవాలి. డిష్‌వాషర్ ముఖం చూపించకూడదు. నాది నెల తిరిగేసరికి బూడిద, నీలం కలిసిన రంగుకి వచ్చింది. నేను పాడైపోయిందని కంగారు పడితే అమ్మ చూసి, "అమ్మమ్మ కత్తిపీట ఇలాగే ఉండేది" అంది. ఎముకలకి మాత్రం మందంగా, మెత్తటి ఉక్కుతో ఉన్న చవక కత్తి ఒకటి విడిగా పెట్టుకోండి.

మటన్ కొట్టిన ఆ గ్యూతో ఇంకా ఉంది. 400 నంబరు రాయి తెచ్చి, మూడు ఆదివారాలు నూరితే నూకంత గాటు పోయింది. కత్తి వెడల్పు రెండు మిల్లీమీటర్లు తగ్గింది. మూడో ఆదివారం అమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూసింది. టమాటా తెచ్చి ఇచ్చాను. కత్తి దాని మీద పెట్టింది, నొక్కలేదు, లాగింది. పల్చటి ముక్క పడింది. ఇంకోటి. పండు అయిపోయేదాకా ఏమీ మాట్లాడలేదు.

తర్వాత రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎంత?"

"నలభై డాలర్లమ్మా."

"తెనాలిలో మేము పెరటి మెట్టు మీద నూరేవాళ్ళం" అంది.