వెలుగు ఎటు మళ్లుతుందో చూద్దాం!

గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. 'మా అమ్మాయి పదో తరగతి. లెక్కలు బాగానే చేస్తుంది. కాంతి పాఠం వచ్చేసరికి మాత్రం బొమ్మలన్నీ బట్టీ పడుతోంది. వస్తువును కాస్త జరిపి అడిగితే ఏడుపు ముఖం పెడుతోంది. ఇంటర్‌లో ఎంపీసీ వద్దంటోంది. ఓ కంప్యూటర్ షాపులో ఇరవై వేల రూపాయల ప్యాకేజీ ఏదో చూపించారు. దాళ్వా ధాన్యం డబ్బులు రాగానే కొనమంటారా?'

వద్దండీ. అద్దాలు, కటకాల లెక్కలు కట్టే ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఉన్నమాట నిజమే. జీమాక్స్, కోడ్ వి లాంటివి కెమెరా కటకాలు రూపొందించే ఇంజినీర్లకు. పదో తరగతి పిల్లకు అలాంటిది కొనివ్వడమంటే సైకిల్ నేర్చుకునేవాడి చేతికి వరికోత మిషన్ తాళాలు ఇచ్చినట్టే. పైసా ఖర్చులేని రెండు చాలు.

మొదటిది 'ఫెట్'. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్ని మొదలుపెట్టారు. అందులో 'జామెట్రిక్ ఆప్టిక్స్' తెరిచి, పుటాకార దర్పణం ఎంచుకోమనండి. పెన్సిల్ బొమ్మను పట్టుకుని దూరం నుంచి అద్దం వైపు జరుపుతుంటే, తలకిందులుగా ఉన్న ప్రతిబింబం పెద్దదవుతూ అద్దానికి దూరంగా పోతుంటుంది. పెన్సిల్ నాభిని దాటి లోపలికి రాగానే చటుక్కున అద్దం వెనక నిటారుగా ప్రత్యక్షమవుతుంది! పుస్తకంలో ఇదంతా ఆరు వేర్వేరు బొమ్మలు. తెర మీద ఒకటే కదలిక. మీ అమ్మాయి బట్టీ పడుతున్నది ఆ ఆరింటినే. ఫెట్ బొమ్మల్ని ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుంటే గాలివానకు నెట్ పోయినా పనిచేస్తాయి.

రెండోది 'రే ఆప్టిక్స్ సిమ్యులేషన్'. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇక్కడ అద్దం మీరే గీసుకోవాలి, వెలుగు మీరే వదలాలి. అందుకే ఓ వారం ఫెట్‌తో ఆడాకే దీని దగ్గరికి రావాలి. ఉత్తరం చదివాక నేనూ కూర్చున్నాను. వృత్తంలో కొంత ముక్కను అద్దంగా పెట్టి సమాంతర కిరణాలు వదిలాను. అన్నీ నాభి దగ్గరే కలవాలి కదా? నడుమ పడ్డవి కలిశాయి. అంచుల మీద పడ్డవి నాభి కంటే అద్దానికి దగ్గరగానే అక్షాన్ని దాటేశాయి. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందేమో అనుకున్నాను. తప్పు నాదే! నాభ్యంతరం వక్రతా వ్యాసార్థంలో సగం అని చిన్నప్పుడు నేర్చుకున్నామే, ఆ సూత్రం అక్షానికి దగ్గరగా వచ్చే కిరణాలకే సరిపోతుంది. పుస్తకంలో ఆ మాట ఉంటుంది, మనమే దాటేస్తాం. అదేచోట పరావలయపు అద్దం పెడితే కిరణాలన్నీ బుద్ధిగా ఒకే బిందువులో కలిశాయి. మేడ మీది డిష్‌కి ఆ వంపు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. పరీక్షలో అడిగే లెక్కలు సరిచూసుకోవడానికైతే 'ఐడియల్' అద్దాన్ని వాడమనండి, జవాబు సూత్రంతో కలుస్తుంది.

జియోజీబ్రా మంచిదే కానీ అద్దాన్ని జ్యామితితో నిర్మించుకోవాలి, ఓపిక కావాలి. ఆల్గోడూలో లేజర్ ఉంది, అయితే పిల్లలు కాంతిని వదిలేసి కార్లు కట్టుకుంటూ కూర్చుంటారు.

ఒక్క షరతు. మౌస్ కదపకముందే ఏమవుతుందో అమ్మాయి చెప్పాలి. పుటాకార దర్పణంలో సగాన్ని నల్ల కాగితంతో మూస్తే, తెర మీద పడే ప్రతిబింబం సగమే ఉంటుందా? మీరూ చెప్పండి. సగమే అంటారు చాలామంది. రే ఆప్టిక్స్‌లో అద్దం ముందు సగానికి అడ్డు పెట్టి చూడండి. మిగిలిన కిరణాలు వెళ్లి అవే బిందువుల్లో కలుస్తాయి. ప్రతిబింబం పూర్తిగానే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది.

సర్ సి.వి.రామన్‌తో కలిసి కాంతి మీద పరిశోధనలు చేసిన సూరి భగవంతం 1909లో మన ఆగిరిపల్లిలోనే పుట్టారు. ఆయన కాలంలో ఈ మౌసులెక్కడివి!

కంప్యూటర్ కట్టేశాక వంటింట్లోంచి కొత్త స్టీలు గరిటె ఒకటి ఇవ్వండి. దాని గుంటలో ముఖం తలకిందులుగా కనిపిస్తుంది. చూపుడు వేలి కొనను మెల్లగా గుంట లోపలికి తెస్తే ఎక్కడో ఒకచోట నిటారుగా మారుతుంది. ఎక్కడ మారిందో స్కేలుతో కొలిచి, ఆ గరిటె నాభ్యంతరం ఎంతో ఆమెనే చెప్పమనండి. ఎంపీసీ సంగతి సంక్రాంతి తర్వాత మాట్లాడుకోవచ్చు.