అడ్వాన్సు అంటే ఎవరి డబ్బు?

వింజమూరులో ఇల్లు బాడుగకు అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న, ‘అడ్వాన్సు ఎంతిస్తారు?’ అని. బదిలీ మీద వచ్చిన టీచరుగారైనా, బస్టాండు దగ్గర కొట్టు పెట్టుకునేవారైనా ఆ డబ్బు చేతిలో పెట్టాకే తాళంచెవి. చాలా ఇళ్లలో రసీదు కూడా ఉండదు. ‘మనలో మనకు కాగితాలెందుకండీ’ అనేస్తారు. ఖాళీ చేసే రోజుకు ఆ మాట ఎవరికీ గుర్తుండదు. గోడల నిండా మేకులు కొట్టారని వారు, మోటారు మేమే బాగు చేయించుకున్నామని వీరు!

అసలు తిరకాసంతా ఆ పేరులోనే ఉంది. అడ్వాన్సంటే ముందుగా కట్టిన బాడుగ అని అద్దెకున్నవారి లెక్క. చివరి రెండు నెలలు ఇవ్వకపోతే చెల్లుకు చెల్లు అనుకుంటారు. యజమానికేమో అది ఇంటికి పూచీ. కరెంటు బిల్లు కట్టకుండా వెళ్లిపోతే మీటరు తన పేరున ఉంటుంది కదా మరి. ఆయన భయమూ కాదనలేం.

ఈ తగువు ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అదీ మన వైపు నుంచే. అప్పటి నెల్లూరు జిల్లా గూడూరులోని మోడరన్ హోటల్ కేసు అది. బాడుగ బాకీ పడ్డారు కాబట్టి ఖాళీ చేయించాలన్నది యజమానుల వాదన. 1960 నాటి రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ప్రకారం ఒక నెల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అంతకు మించిన సొమ్ము యజమాని దగ్గరే ఉన్నప్పుడు దాన్ని బాకీ కింద సర్దుకోవాలే తప్ప అద్దెదారును ఎగవేతదారు అనకూడదని 1989లో కోర్టు తేల్చింది.

అలాగని ఆ తీర్పు చూపించి చివరి నెలల బాడుగ ఆపేయకండి. 1960 చట్టం మున్సిపాలిటీలకు, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలకు ఉద్దేశించింది. దాని తర్వాత 2017లో రాష్ట్రం వేరే అద్దె చట్టం చేసింది. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా చట్టం ఇళ్లకు రెండు నెలలు, దుకాణాలకు ఆరు నెలల బాడుగకు మించి డిపాజిట్ వద్దంది. అది నమూనాయే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలవుతుంది. బేరమాడేటప్పుడు మాత్రం కొలబద్దగా పనికొస్తుంది.

ఇక కోతల సంగతి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే చెబుతోంది. మూడేళ్లు కాపురమున్న ఇంట్లో సున్నం మాసిపోవడం అరుగుదలే. తలుపు విరిగితే, వాష్‌బేసిన్ పగిలితే అది వేరు.

అడ్వాన్సు ఎంత, దేనికి మినహాయించుకోవచ్చు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి... ఈ మూడూ ఒప్పందంలో రాయించండి. చేరే రోజే మీటరు రీడింగ్ రాసుకుని, గదులను సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. పదకొండు నెలల కాగితం అందరూ రాసుకునేదే. గడువు ఎంతైనా రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

అంతా అయ్యాక కూడా డబ్బు రాకపోతే లాయరు నోటీసుకు ముందు లోక్ అదాలత్ తలుపు తట్టవచ్చు. కేసు వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. రాజీ కుదిరితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు.