వాలంటీరు ఎవరు? కూలీ ఎవరు?

దేశంగాని దేశంలో గొడవలు రేగినప్పుడు సేవ చెయ్యడానికి వెళ్లినవాడిని వాలంటీరు అంటున్నారు. వాడికి దండలు, సన్మానం, పేపర్లో ఫొటో. అదే గొడవల్లోకి మా మందస కుర్రాడు వెల్డింగు పనికి వెళితే వాడు కూలీ. చస్తే శవం ఎప్పుడొస్తాదో చెప్పే దిక్కుండదు. ఈ రెండు పేర్లూ ఎవరు పెట్టారు? ఎవరి కోసం పెట్టారు?

2023 అక్టోబరు 7 తర్వాత ఇజ్రాయెల్ పొలాల్లోని థాయ్ కూలీలు వేలల్లో ఇళ్లకి పోయారు. పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దయ్యాయి. పంట కోసేవాడు లేడు. అప్పుడు బయటి దేశాల నుంచి వాలంటీర్లు దిగి పళ్లు కోశారు. గొప్ప త్యాగమని రాశారు. ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం ఇక్కడ తాపీ పనివాళ్లనీ, ఇనుప చువ్వలు వంచేవాళ్లనీ ఎంపిక చేసి అదే దేశానికి పంపింది. 2024లో హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. ఆ ఏడాది మార్చి 4న లెబనాన్ సరిహద్దులోని మార్గలియోట్ దగ్గర తోటలో క్షిపణి పడి చనిపోయినవాడు కొల్లం నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వెళ్లిన మలయాళీ. తోటపనే. ఇద్దరి నెత్తిమీదా బాంబే. కాని ఒకడిది సేవ, ఒకడిది బతుకుతెరువు!

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. మన తాతలు గోపాలపురం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ పోయారు. అక్కడ రేవులో మూటలు మోసింది తెలుగువాళ్లే. వీధులూడ్చి, మలం ఎత్తిన వాళ్లలో ఎక్కువమంది మన పేటలవాళ్లే. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలని తెచ్చి పని నడిపించాయి. సమ్మె తీరగానే వాళ్లని పొమ్మన్నాయి. పేదోడికీ పేదోడికీ తగువు పెట్టి దొరలు మేడెక్కి చూశారు. అధికారిక లెక్కలోనే వందమందికి పైగా చచ్చారు. ఎక్కువమంది మన తెలుగు కూలీలు. వేలాదిమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. జనం పారిపోతున్నారు. రేవు కూలీ, పాకీ పని చేసేవాడు పోతే ఊరు నడవదని తెల్లదొరలకి అప్పుడు తెలిసింది. బతిమాలి వెనక్కి రప్పించుకున్నారు. చవక డెక్కు టిక్కెట్ల మీద ఆంక్షలు పెట్టారు. తర్వాత లక్షలమంది అడవుల మీదుగా నడిచారు, వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. ఆ దారుల్లోనూ తెల్లోడికొకటి, నల్లోడికొకటి! యుద్ధంలో ఆఖరి రోజుదాకా ఊరిని శుభ్రంగా ఉంచినవాడి పేరు ఏ వాలంటీర్ల జాబితాలో ఉంది?

అసలు తేడా ఎక్కడుందో చెబుతాను. 'నేను చెయ్యను, ఇంటికి పోతాను' అనగలిగినవాడే వాలంటీరు. అనలేనివాడిది వెట్టి. జీతమిచ్చినా వెట్టే. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండి, అప్పు ఊళ్లో షావుకారు పుస్తకంలో ఉంటే ఎవడు వద్దంటాడు? వెట్టి అంటే ఏటో మందస ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ నేలకొరిగింది జమీందారు పెత్తనం మీద లేచినందుకే.

సేవ అంటేనే మోసం అని నేననడం లేదు. పక్కనున్న సోంపేట ఆసుపత్రికి కెనడా నుంచి డాక్టర్లు వచ్చారు. బెన్ గలిసన్ గారి కంటి వైద్యం చూసి 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థే పుట్టింది. పేదోళ్ల కళ్లలో వెలుగు పెట్టినోళ్లని కాదనం. అయితే వాళ్ల వెనక ఒక మిషన్ ఉంది, డబ్బు ఉంది, తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. మనవాడి వెనక ఏముంది?

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు దాదాపు లక్షా 70 వేలమంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. ఆ గుడారాల్లో నీళ్లు పంచుకున్నదీ, చంటిపిల్లల్ని ఎత్తుకున్నదీ పక్కనున్న కూలీలూ, ఇళ్లల్లో పనిచేసే ఆడకూతుళ్లూ. 2016లో దానిమీద హిందీ సినిమా తీశారు. హీరో ఎవడయ్యా అంటే కోటీశ్వరుడైన వ్యాపారి! కూలీ జనమంతా వెనకాల గుంపు.

ఇంకొకటి. 2011 ఫిబ్రవరి 26న లిబియా నుంచి మనవాళ్లని తెచ్చే పని మొదలైంది. రెండు రోజులకి, 28న, ఇక్కడ కాకరాపల్లి థర్మల్ వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. అంతకు ముందు 2010 జూలై 14న సోంపేట. హక్కుల సంఘాలవాళ్లు వచ్చారు, నిజమే. విదేశాల్లో అశాంతి అంటే ఉలిక్కిపడే పెద్దమనుషులు మాత్రం ఈ దిక్కు తొంగి చూడలేదు. ఉద్దానంలో బతుకు నిలబడితే ఇక్కడి కుర్రాడు యుద్ధం ఉన్న చోటు వెతుక్కుని ఎందుకెళ్తాడు?

ఇప్పుడు కొత్త ఎత్తు వచ్చింది. వాలంటీరు, హెల్పరు, ట్రైనీ అనే పేర్లతో కాగితాలు తెస్తున్నారు. హెల్పరు పని అని నమ్మించి రష్యా తీసుకెళ్లి మన కుర్రాళ్లని ఉక్రెయిన్ యుద్ధంలోకి తోసేశారు. అలా వెళ్లిన హైదరాబాదు యువకుడొకరు చనిపోయాడని 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయమే ప్రకటించింది. పేరులో కిటుకుంది తమ్ముళ్లారా. ప్రభుత్వం ప్రకటించిన కొన్ని దేశాలకి పనికని వెళ్తే పది తప్పినవాడికి ప్రభుత్వం క్లియరెన్సు ఉండాలి, 10 లక్షల ప్రవాసీ బీమా ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్తే ఆ రెండూ ఉండవు. రిజిస్టరు కాని ఏజెంటు మనిషిని పనికి పంపడం నేరమని 1983లోనే చట్టం చేశారు. అందుకే పని అనకుండా సేవ అంటున్నారు.

పలాస, కాశీబుగ్గ, టెక్కలిలో ఎవడైనా ఫారం పట్టుకొస్తే ముందు లైసెన్సు నెంబరు అడగండి. ఒప్పందం తెలుగులో చదివి వినిపించమనండి. బీమా కాగితం ఒకటి ఇంట్లో అమ్మ చేతికిమ్మనండి. గొడవలొస్తే తిరుగు టిక్కెట్టు ఎవరు కొంటారో రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే వాడినే వాలంటీరుగా వెళ్లమనండి.